చదువు ఎక్కడ తెగిందో తెలిసిన అక్కచెల్లెళ్ళారా, ఈ పిలుపు మీకే!

కాకినాడ జగన్నాథపురం, ఏటిమొగ, దుమ్ములపేట, పర్లోపేట వీధుల్లోని అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు, ఆ ఇళ్ళ మగవాళ్ళకు కూడా:

ఈ కాగితం అందినవాళ్ళు మడిచి పారేయకండి. చదవడం వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, రానివాళ్ళకి పైకి చదివి వినిపించండి. మీరు చేయాల్సిన మొదటి పని అదే.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. పాసైన పిల్లల ఇళ్ళలో స్వీట్లు పంచారు, సంతోషం. తప్పిన ఆడపిల్లల ఇళ్ళలో ఏం జరిగిందో కూడా మనకి తెలుసు. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. తల్లి బతిమాలి తినిపించింది. సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ ఎవరూ గుర్తుచేయకుండానే దాటిపోయింది. ఇవి వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కదలదు, ఇంట్లో రూపాయి ఆడదు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఆ పిల్ల చీకటితో లేచి రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కుతుంది. లేదా చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గర ఉండిపోతుంది. లేదా "మంచి సంబంధం, కట్నం కూడా అడగట్లేదు" అని ఎవరో కబురు తెస్తారు.

ఆ పిల్ల చదువు మానిపించాలని ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఎవరు మానిపించారమ్మా అని అడిగితే చెప్పడానికి ఒక పేరు కూడా ఉండదు. మళ్ళీ రాయవే, మేమున్నాం అని గడపలోకి వచ్చి చెప్పిన మనిషి ఒక్కరూ లేకపోయారు. అంతే జరిగింది.

ఆ మనిషి కావాలి. వీధికొకరు కావాలి. అందుకే ఈ కరపత్రం.

మేము ముందుగా పిలుస్తున్నది పెద్ద డిగ్రీలున్నవాళ్ళని కాదు. వాళ్ళకీ పని ఉంది, కింద చెబుతాం. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మిమ్మల్ని పిలుస్తున్నాం. లెక్కల్లో తప్పి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఓపెన్ స్కూల్లో పది గట్టెక్కిన మిమ్మల్ని. డ్వాక్రా సంఘంలో పదిమంది ఉన్నా తీర్మానం పుస్తకం రాసేది మీరొక్కరే అయిన మిమ్మల్ని. "నాకేం వచ్చు, నేనేం చెబుతాను" అంటారని తెలుసు. మన వీధుల్లో రోజూ చూస్తూనే ఉంటాం కదా: చిరిగిన వలని ఇసకలో పరుచుకున్నవాడు వల మొత్తం మళ్ళీ అల్లడు. వేళ్ళతో తడుముతూ పోయి, కన్ను తెగినచోట ఆగి, అక్కడ ముడి వేస్తాడు. ఆడపిల్ల చదువు ఏ చోట తెగుతుందో మీ వేళ్ళకి తెలుసు. ఏ తరగతిలో, ఏ నెలలో, ఇంట్లో ఎవరి ఏ మాటకి తెగుతుందో మీకు తెలిసినంతగా కలెక్టరు గారికి తెలియదు.

ఇది మిమ్మల్ని మెప్పించడానికి అంటున్న మాట కాదు. మన ఊళ్ళోనే పెరిగిన ఒక ఆడపిల్ల జీవితం మొత్తం దీనికి సాక్ష్యం. ఆవిడ దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆవిడ పేరు కాలేజీల మీదా ఆసుపత్రుల మీదా చూశాం. కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో టికెట్టు లేదని నెహ్రూనే ప్రదర్శన లోపలికి పోనివ్వని పిల్ల అని అందరూ ఆ ఒక్క కథే చెబుతారు. ముచ్చటైన కథే. కానీ మనకి అంతకన్నా పనికొచ్చేది ఆవిడ చదువు కథ.

1909లో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. బళ్ళో ఇంగ్లీషులో పాఠాలు రుద్దుతున్నారని పంతం పట్టి, చిన్నతనంలోనే బడి మానేసింది. చదువు మాత్రం మానలేదు, హిందీ నేర్చుకుంది. తాను నేర్చుకున్నది తన దగ్గరే దాచుకోకుండా, ఇంకా ఓణీల వయసు కూడా రాని ఆ పిల్ల ఈ కాకినాడలోనే ఆడపిల్లలకి, ఆడవాళ్ళకి హిందీ పాఠశాల పెట్టింది. తన తల్లికి కూడా తనే నేర్పింది. 1923 డిసెంబరులో ఇక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగేనాటికి హిందీ మాట్లాడగల ఆడ వాలంటీర్లు ఈ ఊళ్ళో తయారై ఉన్నారంటే, ఆ బడి వల్లే. ప్రభుత్వం గ్రాంటు ఇచ్చిందా, భవనం ఉందా, బల్లలున్నాయా అని ఆ పిల్ల ఎదురు చూడలేదు. తనకి దొరకని బడిని తనే తెరిచింది.

అంతకు ముందే, 1921లో, గాంధీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు పోగు చేస్తే చూద్దామన్నారు పెద్దలు. ఆ స్త్రీలతో కలిసి ఆ డబ్బు పోగు చేసి చూపించింది. గాంధీ మాటల్ని వాళ్ళకి తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే. ఎవరు ఊరి సభకి రాకూడదని ఊరు అనుకుంటుందో వాళ్ళనే ముందు కూర్చోబెట్టడం ఆవిడ మొదటి నుంచీ చేసిన పని. ఇది మనం గుర్తు పెట్టుకోవాలి. రేపు మనం తెరవబోయే రాత్రిబడిలో కూడా ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారనే పేచీ వస్తుంది.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. మదురై జైల్లో ఒంటరి కొట్లో పెట్టారు. వెల్లూరు జైల్లో ఆవిడ చూసిన ఆడ ఖైదీల సంగతి ఇంకా ముఖ్యం. తమ మీద ఏం కేసు రాశారో తెలియనివాళ్ళు, కాగితంలో ఏముందో చదువుకోలేక, చేయని నేరం ఒప్పుకుని వేలిముద్ర వేసినవాళ్ళు. లా చదవాలన్న పట్టుదల ఆవిడకి అక్కడ పుట్టింది.

లా చదవాలంటే ముందు మెట్రిక్ పాసవ్వాలి. ఆవిడ అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటిన మనిషి, బడి మానేసి చాలా కాలమైంది. చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చునే వయసు కాదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి ఇంటి దగ్గర చదువుకుని కట్టింది, పాసైంది. అక్కడితో ఆగి తన దారి తాను చూసుకోవచ్చు. ఆగలేదు. మద్రాసు మైలాపూరులో ఇరుగు పొరుగు ఆడవాళ్ళని పోగేసి, తాను రాసిన ఆ పరీక్షకే వాళ్ళని తయారు చేయడం మొదలుపెట్టింది. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభకి ఆ పాఠాలే పునాది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, అయిదో తరగతితో ఆగిపోయినవాళ్ళు అక్కడ కూర్చుని చదివి, పరీక్షలు రాసి, నర్సులయ్యారు, టీచర్లయ్యారు.

డిగ్రీకి వాల్తేరు విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. ఏ తండ్రికైనా ఇంటికి తిరిగి రావడానికి ఆ ఒక్క మాట చాలు. ఆవిడ పత్రికలో ప్రకటన ఇచ్చింది: చదువుకోవాలని ఉండి, హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని. ఉన్నారు. వాళ్ళంతా కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని విశ్వవిద్యాలయం ముందు నిలబడ్డారు. సీట్లు వచ్చాయి. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. నాలుగేళ్ళకి రాజ్యాంగ సభలో కూర్చుంది.

ఢిల్లీ వెళ్ళాక కూడా ఆవిడ చేసింది మైలాపూరులో చేసిన పనే, దేశమంతటికీ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైంది. పల్లెల్లో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, టీచర్లు కావాలి. కానీ ఆ ఉద్యోగానికి సరిపడా చదివిన ఆడది పల్లెలో దొరకడం లేదు. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో వంద మంది ఆడవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు తొమ్మిది మంది కూడా లేరు. పట్నం నుంచి చదివినవాళ్ళని పంపుదాం అన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఆవిడ మాత్రం చదువు మధ్యలో ఆగిన పల్లె ఆడవాళ్ళనే కూర్చోబెట్టి, రెండేళ్ళలో పరీక్షకి తయారు చేసే కోర్సులు 1958లో మొదలుపెట్టించింది. ఆ ఏడే ఆడవాళ్ళ చదువు మీద కేంద్రం వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. ఆడపిల్లల చదువుని మామూలు విద్య పద్దులో కలిపేసి మరిచిపోవద్దు, దాన్ని ప్రత్యేకమైన సమస్యగా పట్టించుకోండి, దానికి విడిగా డబ్బు పెట్టండి అని ఆ కమిటీ 1959లో చెప్పింది.

చూశారా అమ్మా! బడి దొరకనిచోట బడి పెట్టింది. ఇంట్లో కూర్చుని మెట్రిక్ రాసింది కాబట్టి ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మెట్రిక్ చెప్పింది. హాస్టలు లేదని సీటు కాదనిపించుకున్న మనిషి కాబట్టి, ఆడపిల్ల ఉండడానికి చోటు చూడడం మరిచిపోలేదు. చదువు సాఫీగా సాగిపోయి ఉంటే ఆవిడకి ఇవేవీ తట్టి ఉండేవి కావని మా గట్టి నమ్మకం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆవిడ బడి మానింది పంతంతో. మన పిల్లలు మానుతున్నది గతిలేక. ఆవిడ పుట్టింది అగ్రకులంలో, ఆవిడని అడ్డుకోని తల్లిదండ్రుల కడుపున. కాపరానికి పోనని పదిహేనేళ్ళకి ఆ పిల్ల చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు వెనక నిలబడ్డారు. మన పేటలో పదహారేళ్ళ పిల్ల "నాకు పెళ్ళొద్దు" అంటే ఆ మాట వీధి చివరికి చేరేలోపే నోరు మూయిస్తారు. ఆ పిల్లకి అలాంటి ఇల్లు లేదు. అందుకే వీధి నిలబడాలి.

ఇది మద్రాసుల్లో, ఢిల్లీల్లో జరిగిన సంగతి, మనలాంటివాళ్ళ వల్ల ఏమవుతుంది అనేవాళ్ళకి నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుచేస్తున్నాం. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుగులో కూలి ఆడవాళ్ళు అఆలు దిద్దారు. దిద్దుతూ దిద్దుతూ తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్నాయని అందరికీ విడివిడిగా తెలుసు. రాత్రిబడిలో కలిసి కూర్చున్నాకే అది అందరి బాధ అని తెలిసింది. దూబగుంట ఆడవాళ్ళు ఏకమై తమ ఊళ్ళో సారా అమ్మనివ్వలేదు. వాళ్ళ కథని వాచకంలో పాఠంగా అచ్చువేశారు. ఆ పాఠం కూడబలుక్కుని చదివిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు, మనమెందుకు చేయలేం అనుకున్నారు. సారా వేలంపాటలు ఆగిపోయాయి. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. అచ్చులో తన బతుకు తాను చదువుకున్న మనిషి ఎంత దూరం వెళ్ళగలదో అప్పుడు చూశాం. ఆ పాఠం ఏ ఢిల్లీ పుస్తకం నుంచో తెచ్చింది అయి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఇప్పుడు మన సంగతి.

మన పేటల్లో డ్వాక్రా పుణ్యమా అని చాలామంది అమ్మలు సంతకం నేర్చుకున్నారు. బ్యాంకులో వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి పట్టుదలగా నేర్చుకున్నారు. వాళ్ళకి దండం. కానీ ఎక్కువమంది ఆ సంతకం దగ్గరే ఆగిపోయారు. సంతకం పెడుతున్న కాగితంలో ఏముందో ఇంకొకరు చెబితే వినాల్సిందే. అప్పు ఎంత తీసుకున్నారు, వడ్డీ ఎంత పడుతోంది, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి, ఫైనాన్సు వాడు ఇచ్చిన కార్డు మీద ఏం రాశాడు, ఇవన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. వెల్లూరు జైల్లో ఆడవాళ్ళు వేలిముద్ర వేసిన కాగితానికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే ఆలోచించండి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వంద మంది ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు 59 మంది. దేశం సగటు 64 దాటింది. కందుకూరి వీరేశలింగం గారు 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన గడ్డ మనది. దేశం కన్నా వెనకబడ్డామంటే సిగ్గుపడాల్సింది చదువురాని ఆ అమ్మలు కాదు, చదువుకుని ఊరుకున్నవాళ్ళు.

రాత్రిబడి మళ్ళీ తెరుద్దాం. అయితే పాత పొరపాట్లు మళ్ళీ చేయవద్దు. బడికి వచ్చే అమ్మకి బుర్ర ఖాళీ అనుకుని పాఠం మొదలుపెట్టవద్దు. కుంభాభిషేకం రేవులో తెల్లారగట్ల గంప చేపలు పాటలో పాడి కొని, కిలోల లెక్కన వీధుల్లో అమ్మి, ఐసు ఖర్చూ ఆటో ఖర్చూ తీసేసి ఎంత మిగిలిందో నోటితో లెక్క కట్టే మనిషికి లెక్కలు రావని ఎవరంటారు? ఆమెకి రానిది ఆ లెక్కని కాగితం మీద పెట్టడం. అందుకే మొదటి రోజు పలక మీద "అల", "వల" కన్నా ముందు ఆ రోజు ఆమె అమ్మిన చేపల లెక్క రాయించండి. రెండో రోజు సంఘం పాస్‌బుక్కు తెమ్మనండి. చదవాల్సినవి అందులో చాలా ఉన్నాయి.

నలభై దాటిన అమ్మకి అక్షరం పట్టుబడకపోతే ముందు కళ్ళు చూపించండి. దగ్గరి అక్షరం మసకగా కనిపిస్తుంటే ఎంత తెలివైనదైనా ఎలా గుర్తుపడుతుంది? "నా బుర్రకి ఎక్కదులే అమ్మా" అని ఆమె తనని తాను తిట్టుకుని మానేస్తుంది. సూదిలో దారం ఎక్కించలేకపోతున్న మనిషికి కావాల్సింది కళ్ళజోడని మనకి తెలియదా? ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్ళండి. ఒక కళ్ళజోడు తెప్పించిపెడితే ఆరు నెలల పాఠం చెప్పినంత.

వేళ కూడా వాళ్ళనే అడగండి. చేపలమ్మే అమ్మకి పగలు కుదరదు. వంటయ్యి, సీరియలు మొదలయ్యే ముందు దొరికే గంట ఎవరింట్లో ఎప్పుడో వాళ్ళే చెబుతారు. సీరియలు చూడొద్దని గొడవ పెట్టుకోకండి. ఆ అరగంట ఆమెకి రోజంతటికీ దొరికిన విశ్రాంతి.

ఇంకో మాట కచ్చితంగా చెబుతున్నాం. రాత్రిబడి పెద్దవాళ్ళకి. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లకి రాత్రిబడి వద్దే వద్దు. పగలు షెడ్డులో పనిచేసి రాత్రి రెండక్షరాలు దిద్దుకుంటుందిలే అని మనసుకి సర్దిచెప్పుకోవద్దు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా గారు, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్ళు 1990ల నుంచి వేలమంది పిల్లల్ని పనిలోంచి తీసి బడిలో వేశారు. వాళ్ళ పట్టు ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా పనిచేస్తున్న పిల్లే, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్లతో సహా. ఆగిపోయిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వయసుకి తగ్గ తరగతికి తయారు చేసి పగటి బడికి పంపారు. ఆ పని చేయాలని చట్టమే చెబుతోంది ఇప్పుడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకి ప్రత్యేకంగా చెప్పాలి. టీసీ లేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని ఏ బడీ వెనక్కి పంపకూడదు. పంపితే మీరొక్కరే తిరిగి రావద్దు. పదిమందిమి కలిసి మళ్ళీ వెళ్దాం.

పధ్నాలుగు నిండి, బడి వదిలేసిన పిల్లలకి ఓపెన్ స్కూల్ ఉంది. పదో తరగతికి అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒక్కసారే రాయక్కర్లేదు, అయిదేళ్ళ లోపు ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. తరగతులు సెలవు రోజుల్లో ఉంటాయి. పెళ్ళైన పిల్లైనా, బిడ్డ తల్లైనా చేరవచ్చు. ఒక్క జాగ్రత్త. "పరీక్షకి రాకపోయినా పర్లేదు, పాస్ చేయిస్తాం" అని వేలు అడిగే దళారులు తిరుగుతుంటారు. వాళ్ళకి రూపాయి ఇవ్వకండి. ఆ కాగితం ఏనాడో పిల్ల మెడకే చుట్టుకుంటుంది. ఇల్లు దాటి ఉండి చదవగల పిల్లలకి కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి, ఆరో తరగతి నుంచి, భోజనం, వసతి అన్నీ అక్కడే. మన పేట నుంచి దరఖాస్తు పెట్టేవాళ్ళు తక్కువ. ఎందుకంటే దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. ఇకనుంచి ఉంటారు.

పెళ్ళి సంగతి. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో వందకి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళైందని 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది ఎక్కడో కొండల్లో సంగతి అనుకోవద్దు. వేట నిషేధం నెలల్లో, చేతిలో డబ్బాడని రోజుల్లో, "ఒక భారం దిగుతుంది" అనే మాట మన వీధుల్లోనే వింటున్నాం. పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్ళి చేయడం నేరం. 1098కి ఫోను చేస్తే ఆపుతారు. కానీ పోలీసు వచ్చి ఆపిన పెళ్ళి పక్క ఊళ్ళో గుడి దగ్గర మళ్ళీ జరుగుతుందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ పిల్ల మర్నాడు ఏ బడికి వెళ్తుందో, ఫీజు ఎవరు కడతారో, దారిలో తోడు ఎవరో తేలనంతవరకు పెళ్ళి ఆగినట్టు కాదు. ఆపడానికి వెళ్ళేవాళ్ళు ఈ మూడిటికీ జవాబు పట్టుకుని వెళ్ళాలి.

కులపెద్దలకు చేతులు జోడించి ఒక విన్నపం. మీ మాట మీద బోట్లు ఆగుతాయి, పేటలో తగువులు తీరుతాయి. పద్దెనిమిది నిండని పిల్ల పెళ్ళికి పేట నుంచి ఎవరూ వెళ్ళకూడదని ఒక్క కట్టుబాటు చెయ్యండి. మీ ఇళ్ళ నుంచే మొదలుపెట్టండి.

తండ్రులకు, అన్నలకు: బడి దారిలో మలుపు దగ్గర కుర్రాళ్ళు ఆడపిల్లల్ని ఏడిపిస్తుంటే మనం ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెడుతున్నాం. కుర్రాళ్ళని కూర్చోబెట్టండి. ఆ మలుపులో నిలబడేవాడు మీ అబ్బాయో, మీ అబ్బాయి స్నేహితుడో అయి ఉంటాడు. వాడి పేరు మీకు తెలుసు.

డిగ్రీ చదివిన, చదువుతున్న అమ్మాయిలకు: వారానికి ఒక సాయంత్రం ఇవ్వండి. లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు. మన పిల్లలు ఎక్కువగా తప్పుతున్నది వీటిల్లోనే. మీరు పేటలోకి వచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పదో తరగతి తప్పిన పిల్లతో మీరు మాట్లాడే మొదటి మాట "ఎందుకు తప్పావు" అని ఉండకూడదు. ఆ ప్రశ్న ఆ పిల్ల ఇప్పటికే అందరి దగ్గరా వింది. పుస్తకం తెరిచి, ఏ పాఠం దాకా వచ్చు, అక్కడి నుంచి చదువుదాం అనండి. ఒకప్పుడు తప్పి, మళ్ళీ రాసి పాసైన అక్కలు ఇది ఎలా మాట్లాడాలో మీకు చూపిస్తారు. ఈ విషయంలో మీకు వాళ్ళే టీచర్లు.

బడుల్లోని టీచర్లకు: రోజూ హాజరు వేస్తారు కదా, వరసగా పది రోజులు రాని ఆడపిల్లల పేర్లు మా వీధి అక్కలకి చెప్పండి. బడి గేటు బయట జరిగేది మీరు చూడలేరు. మేము చూస్తాం, ఇంటికి వెళ్తాం. ఏడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లల మీద కన్నేయండి. మరుగుదొడ్డిలో నీళ్ళు రాక నెలకి అయిదు రోజులు మానేసే పిల్ల, ఏడాది తిరిగేసరికి మొత్తం మానేస్తుంది. కుళాయి బాగుచేయించమని ఎన్నిసార్లైనా మీతో కలిసి ఆఫీసుకి వస్తాం.

మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నాం, అక్కా. మీరు చేయాల్సింది ఇదీ. మీ వీధిలో ఇల్లిల్లూ తిరగండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఆ ఇంట్లో ఆరేళ్ళు దాటిన ఆడపిల్లలు ఎంతమంది, ఎవరు బడికి పోతున్నారు, ఎవరు మానేశారు, ఏ తరగతిలో, ఎందుకు. సంతకం వచ్చీ చదవడం రానివాళ్ళు ఎవరు. రాయండి. ఆ పుస్తకం మీ దగ్గరే ఉంచండి, ఎవరి ఇంటి సంగతీ వీధిలో చాటవద్దు. ఆ పుస్తకంలో ఒక్క పిల్ల పేరు పక్కన "జూన్‌లో మళ్ళీ చేరింది" అని రాయగలిగితే, మీరు ఈ ఏడాది పని మొదలుపెట్టినట్టే. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. రోజులు ఎక్కువ లేవు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు గంటలకి, మన రామాలయం పక్కన వలలు ఆరబెట్టే ఖాళీ జాగాలో కలుద్దాం. చంటిపిల్లల్ని తీసుకుని రండి, చూసుకోవడానికి మనుషులుంటారు. బడి మానేసిన అమ్మాయిల్ని వెంటబెట్టుకుని రండి. ఆధార్ కార్డు, పాత మార్కుల కాగితం, టీసీ ఏది ఉంటే అది తెండి. ఏమీ లేకపోయినా రండి, అక్కడ కూర్చుని ఏ కాగితం ఎక్కడ తెచ్చుకోవాలో రాసి ఇస్తాం. కళ్ళు మసకలుగా ఉన్న పెద్దమ్మలు పేర్లు చెప్పండి, ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్తాం. వీధికొక అక్క పేరు ఆ రోజే రాసుకుంటాం. పాత పలకలు, వాచకాలు, వాడని కళ్ళజోడు ఫ్రేములు, రాయడానికి ఖాళీ ఉన్న నోటు పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా పట్టుకుని రండి. డబ్బు వసూలు చేయడం లేదు, మా పేరు చెప్పి ఎవరడిగినా ఇవ్వకండి.

ఇట్లు,
మీ పేటలోనే ఉంటూ, మీ పక్కనే రాత్రిబడి నడపబోతున్న ఆడవాళ్ళం